నాన్నగారి వెంచర్, నాన్నగారి మాట

మీ ప్రశ్నలు – మా జవాబులు

ఊరి చివర పొలాలను కాలనీలు చేసినవారు, గుడికో చర్చికో తొలి చందా రాసినవారు, బంధువుల పిల్లల చదువులు తలకెత్తుకున్నవారు కన్నుమూశాక ఇంట్లోవాళ్ళకు వచ్చిన సందేహాలు ఈసారి. న్యాయవాది, చార్టర్డ్ అకౌంటెంట్, పురోహితులు, ముద్రణ పని తెలిసినవారు కలిసి రాసిన జవాబులివి.

ప్రశ్న: నాన్నగారు ముప్పై ఏళ్ళు వెంచర్లు వేశారు. గత నెల కాలం చేశారు. ఘనంగా సంస్మరణ సభ పెట్టాలనుకుంటున్నాం. కానీ పన్నెండు మంది డబ్బు కట్టి రిజిస్ట్రేషన్ కోసం ఎదురుచూస్తున్నారు. ఏది ముందు? – ఒక కూతురు, ఒంగోలు

రిజిస్ట్రేషన్లు ముందు. సభ పెట్టుకోండి, తప్పేం లేదు. అయితే అదే సభలో మైకు ముందు ఒక మాట చెప్పండి: నాన్నగారికి డబ్బు కట్టి కాగితం అందనివారు ఫలానా తేదీలోపు రసీదులతో రావాలని. భూమి వ్యాపారంలో పేరంటే ఇచ్చిన మాటే. ఆ పన్నెండు ఇళ్ళల్లో ఇవాళ ఆయన పేరు వినబడితే ముందు పుట్టేది దిగులు. దాన్ని తీర్చగలిగింది మీరే.

మరణం 21 రోజుల్లో నమోదు కావాలి. ఆసుపత్రిలో పోతే వాళ్ళే సమాచారం పంపుతారు. ఇంట్లో పోతే మీరే వెళ్ళి రాయించాలి. ధ్రువపత్రంలో పేరు ఆధార్‌లో, పాన్‌లో, దస్తావేజుల్లో ఉన్నట్టే ఉందా అని అక్షరం అక్షరం చూడండి. ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరాల్లో ఉండి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పని ఆగిపోవడం ఎక్కువగా జరుగుతుంది. తర్వాత మీసేవలో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేయండి. తహసీల్దారు ఆఫీసు విచారించి ఇస్తుంది.

ఈలోగా ఒక పొడుగాటి నోటు పుస్తకం తీసుకుని గళ్ళు గీయండి: ప్లాటు నంబరు, గజాలు, కొన్నవారి పేరు, ఒప్పుకున్న ధర, ముట్టిన సొమ్ము, తేదీ, రసీదు ఉందా, బాకీ ఎంత. ఆయన జేబు డైరీ, ఫోన్లో మెసేజీలు, బ్యాంకు స్టేట్‌మెంట్ ముందు పెట్టుకుని నింపండి. రసీదు లేని బయానాలు ఈ మూడింట్లో ఏదో ఒకదానిలో బయటపడతాయి.

ఇక భూమి ఎవరి పేరున ఉందో చూడాలి. దారి అక్కడే మారుతుంది.

నాన్నగారి పేరునే ఉండి, స్వార్జితమై, వీలునామా లేకపోతే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, కొడుకులకు, కూతుళ్ళకు, బతికి ఉంటే ఆయన తల్లికి కూడా సమాన వాటా. మీ నాయనమ్మ ఉన్నారా? ఆమె సంతకం లేని సేల్ డీడ్ రేపు కొన్నవారి మెడకు చుట్టుకుంటుంది. పెళ్ళయిన ఆడపిల్లలదీ అంతే. అమెరికాలో ఉన్న వారసులు అక్కడి భారత కాన్సులేట్‌లో పవర్ ఆఫ్ అటార్నీ రాసి పంపవచ్చు. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించడం మరిచిపోకండి.

భూమి రైతు పేరునే ఉండి, నాన్నగారికి జీపీఏ (రైతు తరఫున అమ్మకాలు చేసే అధికార పత్రం) మాత్రమే ఉంటే, కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం ఆయనతోపాటే ఆ అధికారం ముగిసింది. పాత జీపీఏ పట్టుకుని కొడుకు సంతకం పెడితే ఆ కాగితం నిలవదు. రైతు స్వయంగా వచ్చి సంతకం చేయాలి, లేదా కొత్త జీపీఏ ఇవ్వాలి. డెవలప్‌మెంట్ అగ్రిమెంట్‌లో నాన్నగారికి వాటా రాసి ఉంటే, ఆ వాటాకు నష్టం కలిగేలా అధికారం ముగియదనే 202వ సెక్షన్ వర్తించవచ్చు. ఆ దస్తావేజును లాయరు చదివి చెప్పాల్సిందే.

వ్యాపారం భాగస్వామ్య సంస్థగా నడిచి, భాగస్వాములు ఇద్దరే అయితే సంస్థ రద్దయినట్టే. ముగ్గురు, నలుగురు ఉంటే ఒకరు పోయినా కొనసాగాలని డీడ్‌లో రాసుకున్నారో లేదో చూడండి. ప్రైవేట్ లిమిటెడ్ అయితే కంపెనీకి ఏమీ కాదు. వాటాలు వారసులకు మారతాయి, కొత్త డైరెక్టరును పెట్టుకోవాలి.

వెంచర్ రెరాలో (స్థిరాస్తి ప్రాజెక్టుల నియంత్రణ సంస్థలో) నమోదై ఉంటే కొన్నవారి డబ్బులో 70 శాతం ఉండే ప్రత్యేక ఖాతాను కర్మకాండలకు గానీ, సభకు గానీ, ఇంటి అప్పులకు గానీ తాకకండి. అది భూమి ఖర్చుకు, పనులకే. ప్రాజెక్టును ఇంకో బిల్డరుకు అప్పగించాలంటే రెరా చట్టం 15వ సెక్షన్ ప్రకారం కొన్నవారిలో మూడింట రెండు వంతుల మంది రాతపూర్వక సమ్మతి, ఆపైన రెరా అనుమతి కావాలి. అప్పగించినంత మాత్రాన గడువు పెరగదు.

నాన్నగారి బాకీలకు మీ బాధ్యత ఆయన నుంచి మీకు వచ్చిన ఆస్తి మేరకే. మీ సొంత సంపాదన వరకు రాదు. ధైర్యంగా ఉండండి.

ప్రశ్న: మా వెంచర్ పార్కు స్థలంలో వేంకటేశ్వరస్వామి గుడి కట్టాలని నాన్నగారి కోరిక. ప్లాట్ల ఓనర్లందరూ సరేనంటున్నారు. కట్టవచ్చా? – సంగారెడ్డి నుంచి ఒక పాఠకుడు

కట్టకూడదు. అందరూ సరేనన్నా కుదరదు. లేఅవుట్ అనుమతి కోసం వదిలిన ఖాళీ స్థలాన్ని నాన్నగారే గిఫ్ట్ డీడ్‌తో స్థానిక సంస్థకు రాసిచ్చి ఉంటారు. దస్తావేజుల కట్టలో దాని నకలు వెతకండి. ఆ స్థలం ఇప్పుడు మీదీ కాదు, ఓనర్లదీ కాదు. పార్కుకు వదిలిన జాగాను ఇంకో పనికి మార్చకూడదని 1991లో బెంగళూరు పార్కు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రోడ్ల మీద, పార్కుల్లో, ప్రజా స్థలాల్లో అనుమతి లేకుండా ఏ మతం పేరునా కొత్త కట్టడాలు రాకూడదని 2009లో ఆదేశించింది. ఒక్క ఫిర్యాదు వస్తే చాలు, ప్రతిష్ఠ జరిగిన విగ్రహం దగ్గరకు జేసీబీ వస్తుంది. నాన్నగారి భక్తికి ఆ గతి పట్టకూడదు.

అమ్ముడుపోని ప్లాట్లలో పక్కపక్కనే ఉన్న రెండింటిని అట్టేపెట్టండి. 200 గజాలవి రెండైతే 400 గజాలు. గర్భాలయం, ముఖమండపం, ప్రదక్షిణకు దారి, చెప్పుల స్టాండు, కుళాయి, చిన్న వంటశాల అన్నీ ఇముడుతాయి. ఆ స్థలాన్ని ముందు ట్రస్టుకో, కనీసం ఏడుగురు సభ్యులతో సొసైటీకో రాసిచ్చి, దాని పేరున కట్టడం అనుమతి తీసుకోండి. మీ పేరునే ఉంచుకుంటే పంపకాల రోజున గుడి కూడా వాటాల్లోకి వస్తుంది.

కట్టే ఖర్చుకన్నా నడిపే ఖర్చు ముఖ్యం. అర్చకుడి జీతం, ఆయన సెలవు పెడితే బదులు వచ్చేవారి సంభావన, నూనె, పూలు, నైవేద్యం, కరెంటు, ఏటా సున్నం – నెలకు ఎంతవుతుందో లెక్కగట్టి, ఆ వడ్డీ వచ్చేంత డిపాజిట్ వేశాకే ప్రతిష్ఠ ముహూర్తం పెట్టించండి. ప్రతిష్ఠ అయ్యాక నిత్య పూజ ఆగకూడదు. కొత్త కాలనీ గుళ్ళు మూడో ఏట తాళం పడేది సరిగ్గా ఇక్కడే. అర్చకుడు ఎక్కువ జీతానికి వేరే ఊరు వెళతాడు, కమిటీలో చందాలు ఆగుతాయి.

పార్కునూ వదలకండి. స్థానిక సంస్థ అనుమతితో వేప, కానుగ నాటించండి. మూడడుగుల గుంత, చెట్టుకూ చెట్టుకూ ఇరవై అడుగుల ఎడం, రెండు వేసవులు నీళ్ళు. రావి మాత్రం ప్రహరీ పక్కన వద్దు, వేళ్ళు గోడను చీలుస్తాయి.

ప్రశ్న: మాది క్రైస్తవ కుటుంబం. వెంచర్‌లో 300 గజాలు సంఘానికి ఇస్తానని నాన్నగారు చర్చిలో అందరి ముందూ అన్నారు. రాత లేదు. – కాకినాడ

స్థిరాస్తి దానం నోటి మాటతో చెల్లదు. రిజిస్టరైన దస్తావేజు, ఇద్దరు సాక్షులు ఉండాలి. కాబట్టి చట్టం మిమ్మల్ని బలవంతం చేయదు. ఇవ్వాలనుకుంటే వారసులుగా మీరే ఇవ్వాలి, అందరి సంతకాలతో. మీకు వర్తించేది 1925 నాటి భారతీయ వారసత్వ చట్టం. వీలునామా లేకపోతే అమ్మగారికి మూడో వంతు, మిగిలింది పిల్లలకు సమానంగా. వారసుల్లో మైనరు ఉంటే లాయరును అడిగే ముందుకెళ్ళండి.

గిఫ్ట్ డీడ్ పాస్టరుగారి సొంత పేరున వద్దు, ఆయన ఎంత మంచివారైనా సరే. సంఘపు రిజిస్టర్డ్ సొసైటీ పేరున రాయండి. స్వీకరిస్తున్నట్టు కమిటీ తీర్మానం నకలు జతచేయండి. జ్ఞాపకార్థ కూడికలో ఆ దస్తావేజును పెద్దల చేతికిస్తే, నాన్నగారు ఎక్కడ మాటిచ్చారో అక్కడే అది తీరుతుంది.

ప్రశ్న: ఏటా ఆయన తిథినాడు ఊరి గుడిలో అన్నదానానికి 5 లక్షలు డిపాజిట్ వేస్తే చాలా? – నల్లగొండ

ఒక పూట ఖర్చు ఇప్పుడు 30 వేలు అనుకుందాం. 6.5 శాతం వడ్డీకి 5 లక్షల మీద ఏటా 32,500 వస్తాయి. సరిపోయినట్టే కనిపిస్తుంది. కానీ సరుకుల ధరలు ఏటా 6 శాతం పెరిగితే మూడో ఏడు ఖర్చు 33,700 దాటుతుంది. అప్పటినుంచి అసలు కరుగుతూ, డిపాజిట్ వేసిన పద్దెనిమిదేళ్ళకు అయిపోతుంది. 10 లక్షలు వేసి, మిగిలిన వడ్డీని ఏటా అసలులో కలుపుతూ పోతే దాదాపు 38 ఏళ్ళు నడుస్తుంది. అంత వీలుకాకపోతే 5 లక్షలే వేసి, ఐదేళ్ళకోసారి కొంత చేర్చాలని పిల్లలతో ఇప్పుడే అనుకోండి. తిరుమలలో 1985లో మొదలైన అన్నదానం కూడా విరాళాలను బ్యాంకుల్లో ఉంచి వడ్డీతో నడిచే పద్ధతే.

డబ్బు చెక్కుతోనే ఇవ్వండి. 2 వేలకు మించిన నగదు దానానికి పన్ను మినహాయింపు రాదు. రసీదు మీద ‘శాశ్వత అన్నదాన నిధి’ అని, ఏ తిథికో కూడా రాయించండి. ఉత్త ‘విరాళం’ అని ఉంటే ఆ సొమ్ము సాధారణ ఖర్చుల్లో కలిసిపోతుంది.

తిథి విషయం: ప్రాణం పోయిన వేళకు నడుస్తున్న తిథే లెక్క. సమయం నిమిషాలతో రాసి పెట్టుకోండి. ఒకే రోజులో తిథి మారే సందర్భాలు చాలా ఉంటాయి. అధిక మాసంలో పోతే (2026లో మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం) మామూలు సంవత్సరాల్లో ఆబ్దికం ఆ పేరున్న నిజ మాసంలో వస్తుంది.

ప్రశ్న: కాలనీ ముఖద్వారం దగ్గర రోడ్డు మీద నాన్నగారి విగ్రహం పెట్టవచ్చా? – తెనాలి

రోడ్డు మీద, ఫుట్‌పాత్ మీద వద్దు. అలాంటి చోట్ల విగ్రహాలకు అనుమతులివ్వవద్దని సుప్రీంకోర్టు 2013 జనవరిలో రాష్ట్రాలను ఆదేశించింది. మీ సొంత ఆఫీసు ఆవరణలో పెట్టుకోండి. మీ ఊళ్ళోనే మంచి శిల్పులున్నారు. ఎదురుగా, రెండు పక్కల నుంచి తీసిన ఫొటోలు ఇవ్వండి. స్టూడియోలో దిద్దిన ఫొటో వద్దు, అందులో ముఖం గీతలుండవు. మట్టి నమూనా దశలోనే అమ్మగారిని తీసుకెళ్ళి చూపించండి. చెవుల తీరు, నుదురు ఎత్తు, నవ్వితే పెదవి ఎటు వంగేదో ఆమె చెబుతారు. అచ్చు తీశాక దిద్దడం కష్టం.

ప్రశ్న: సంస్మరణ సంచిక వేయాలి. ఏం రాయించాలి? – హైదరాబాద్

‘మహోన్నత వ్యక్తి, దానకర్ణుడు’ లాంటి మాటలు అరపేజీ దాటనివ్వకండి. అవి ఎవరికైనా సరిపోతాయి. ఆయన వేసిన మొదటి వెంచర్ ఎక్కడ, ఎన్ని ఎకరాలు, అప్పుడు గజం ఎంత, ఎవరికి వాయిదాల మీద ఇచ్చారు, ఏ బోరు ఎవరికోసం వేయించారు – ఇవి సంపాదించండి. మేస్త్రిని, సర్వేయరును, తొలి ప్లాటు కొన్నవారిని అడగండి. వాళ్ళు రాయలేరు, చెబుతారు. ఫోన్లో రికార్డు చేసి వాళ్ళ మాటల్లోనే ఎత్తిరాయండి. పాత లేఅవుట్ బ్లూప్రింట్ ఉంటే నడిమి రెండు పేజీల్లో వేయండి.

పేజీలు 16 గుణకాల్లో ఉంటే కాగితం వృథా కాదు: 32 లేదా 48. ఫొటోలు 300 డీపీఐకి తగ్గకుండా స్కాన్ చేయించండి. వాట్సాప్‌లో వచ్చినవి అచ్చులో మసకబారతాయి. సభకు పది రోజుల ముందు మ్యాటర్ ఆపేయాలి. ఆ తర్వాత ఎంత దగ్గరివారు పంపినా చేర్చవద్దు, తొందరలోనే తప్పులు దొర్లుతాయి. ఆఖరి ప్రూఫును ఇంట్లో పెద్దావిడకు, ఆయన అక్కగారో మేనత్తో ఉంటే వారికి, గట్టిగా చదివి వినిపించండి. ఆడపడుచుల పుట్టింటి పేర్లు, చిన్నప్పుడే పోయిన తోబుట్టువుల పేర్లు గుర్తున్నది వాళ్ళకే.