ఫస్ట్ కమ్యూనియన్‌కి రెండేళ్ళ కేటకిజం క్లాసు నిజంగా అవసరమా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. పాప మూడో తరగతి. పాలకొండ వైపు నుంచి వచ్చి మధురవాడలో ఉంటున్నారు. పిల్లలు మొదటిసారి సత్ప్రసాదం (ప్రభువు శరీరంగా ఇచ్చే అప్పం) తీసుకునే ఫస్ట్ కమ్యూనియన్‌కి ముందు రెండేళ్ళు ఆదివారం కేటకిజం క్లాసుకి (మన విశ్వాసం నేర్పే క్లాసు) పంపమని విచారణ (మీ ప్రాంతపు చర్చి) గురువులు అన్నారు. సరిగ్గా అదే టైముకి అబాకస్ ఉంది. కాన్వెంట్ స్కూల్లో మోరల్ సైన్స్ ఎలాగూ చెప్తున్నారు, ఇక్కడ జపాలు బట్టీ పట్టించడం తప్ప ఏముంటుంది, పైగా మా ఆవిడ హిందువు, ఇంట్లో నేర్పేవాళ్ళు లేరు, మినహాయింపు అడగొచ్చా అని.

నేను పుట్టి పెరిగింది జ్ఞానాపురంలో. పెళ్ళయ్యాక ఇల్లు మారింది, విచారణ మారింది, ఆదివారం పిల్లలకి కేటకిజం చెప్పడం మాత్రం మానలేదు. జీతం లేదు, బీఈడీ లేదు. నాలాంటివాళ్ళే చాలా గుళ్ళలో చెప్తుంటారు, మీరు ఆ సంగతి ముందే మనసులో పెట్టుకోండి. నా మాట: అబాకస్ టైము మార్పించుకోండి. రెండేళ్ళ గురించి ఫాదర్ గారితో మాట్లాడండి, తప్పేం లేదు. కానీ ఆ మాట్లాడేటప్పుడు “మినహాయింపు” అని మొదలుపెట్టకండి, ఎందుకో చెప్తాను.

రెండేళ్ళు అని శ్రీసభ (కేథలిక్ చర్చి) చట్టంలో ఎక్కడా లేదు. 1983 నాటి చట్టంలో 914వ నియమం ఉంది. బుద్ధి తెలిసిన పిల్లల్ని సిద్ధం చేయాల్సిన బాధ్యత మొదట తల్లిదండ్రులది, తర్వాత గురువులది అంటుంది. పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) చేయించి, వీలైనంత త్వరగా సత్ప్రసాదం ఇవ్వమంటుంది. ఒకప్పుడు చాలా చోట్ల పదేళ్ళు, పన్నెండేళ్ళు దాటేదాకా పిల్లల్ని ఆపేవారు. 1910లో పదవ పయస్ పోపుగారు ఆ పద్ధతి మార్చి, సుమారు ఏడేళ్ళ వయసు చాలన్నారు. మామూలు అప్పానికీ ప్రభువు శరీరానికీ తేడా తెలిస్తే, తన వయసుకి తగ్గట్టు విశ్వాసంలోని ముఖ్యమైన సంగతులు తెలిస్తే, భక్తిగా తీసుకోగలిగితే చాలు. కాబట్టి రెండేళ్ళు అనేది ఆయా విచారణల్లో పెట్టుకున్న పద్ధతి.

ఆ పద్ధతి ఊరికే రాలేదు. దసరా సెలవులకి ఊరు, సంక్రాంతికి ఊరు, యూనిట్ టెస్టులు, మధ్యలో తుఫాను హెచ్చరిక, ఎవరిదో పెళ్ళి. ఏడాదికని వేసుకున్న పాఠాల్లో సగం పిల్లాడి చెవిన పడితే గొప్ప. ఫాదర్లు అందుకే రెండు అంటారు. మీ పాప నిజంగా క్రమంగా వస్తే, ఇంట్లో మీరు కూర్చుంటే, ఒక ఏడాది తర్వాత “పాపని ఒకసారి మాట్లాడించి చూడండి ఫాదర్” అని అడగండి. నాకు తెలిసిన గురువులు అలాంటి మాటకి చాలాసార్లు ఒప్పుకున్నారు. ముందే మినహాయింపు అడిగితే మాత్రం ఎవరికైనా ఒకటే అర్థమవుతుంది, తప్పించుకోవాలని చూస్తున్నారని.

మోరల్ సైన్స్ సంగతి. మన కేథలిక్ స్కూళ్ళలో చాలాచోట్ల ఒకే పీరియడ్‌లో కేథలిక్ పిల్లలకి కేటకిజం, మిగతావాళ్ళకి మోరల్ సైన్స్ విడివిడిగా జరుగుతాయి. మీ పాప మోరల్ సైన్స్‌లో కూర్చుంటోందంటే అడ్మిషన్ ఫారంలో మతం గడిలో ఏం రాశారో ఒకసారి చూసుకోండి. ఆ గడి నింపడం వెనక మన దగ్గర చాలా ఇళ్ళల్లో వేరే లెక్కలుంటాయి, ఆ చర్చ ఇక్కడ వద్దు. అబద్ధం ఆడకు, పెద్దల్ని గౌరవించు అని నేర్పడానికి గుడి అక్కర్లేదు, మీ ఆవిడ, మీ అత్తగారు చక్కగా నేర్పగలరు. ఆదివారం పూజలో (మాస్‌లో) గురువు అప్పం పైకెత్తినప్పుడు అందరూ ఎందుకు తలవంచుతారో మాత్రం వేరేగా కూర్చోబెట్టి చెప్పాల్సిందే.

ఇక బట్టీ. ఈ మాట ఈమధ్య తరచూ వింటున్నాను, చదువుకున్న తల్లిదండ్రుల దగ్గరే ఎక్కువ. ఎక్కాలు బట్టీ పట్టించడానికి డబ్బులు కట్టి, యేసు నేర్పిన పరలోక జపం బట్టీ పట్టిస్తే పిల్ల బుర్ర పాడవుతుందంటే ఎలాగండీ. 1846లో ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ గురువులు ఇప్పటి ఫ్రాన్సులోని ఆనెసీ నుంచి మన విశాఖపట్నం వచ్చేనాటికి ఇక్కడ పుస్తకం చదవగలిగేవాళ్ళు ఎందరని? తర్వాత ఊళ్ళల్లో జపాలు నేర్పే ఉపదేశిగారు ఒక ముక్క అనడం, జనం తిరిగి అనడం, అలా నోటిమీద నిలబడ్డాయి ఈ జపాలు. మా నాయనమ్మకి సంతకం రాదు, విశ్వాస సంగ్రహం (మనం నమ్మేవన్నీ చెప్పే జపం) మాత్రం ఊపిరి తిప్పుకోకుండా చెప్పేది. ఆ ఆనెసీలోనే ఫ్రాన్సిస్ డి సేల్స్ గారు మేత్రాణులై (బిషప్పై) ఉండి కూడా ఆదివారాలు పిల్లల్ని పోగేసుకుని స్వయంగా సత్యోపదేశం చెప్పేవారు. చెవుడున్న ఒక మనిషికి సైగలతో నేర్పి సత్ప్రసాదం ఇచ్చారు. అందుకే ఆయన వినికిడి లేనివారికి పాలక పునీతుడు (పేట్రన్ సెయింట్). నోటికి రావడం ముందు, అర్థం వెనకాలే రావాలి. అర్థం చెప్పకుండా వదిలేసే క్లాసు అయితే మీ ఫిర్యాదు న్యాయమే. ఒక ఆదివారం మీరే వెనక బెంచీలో కూర్చుని చూడండి. కాదనే టీచరు ఉండరు, కొంచెం తడబడతారు, అంతే.

ఏ భాషలో నేర్పాలని తర్వాత అడుగుతారని ఇప్పుడే చెప్తున్నా. మీరు ఆదివారం ఏ భాష పూజకి వెళ్తారో ఆ భాషలో. ఇంగ్లీషు మీడియం పిల్లలు తెలుగు జపాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని చదువుతారు. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు పట్టించుకోను, నోటికి వచ్చాక ఆ కాగితం వాళ్ళే పారేస్తారు.

క్లాసు వల్ల అసలు లాభం నా దృష్టిలో పిల్లలడిగే ప్రశ్నల దగ్గర ఉంది. విశాఖలో మన పిల్లలకి బాప్టిస్టు పిన్నిలు, పెంతెకొస్తు మేనమామలు, హిందూ తాతయ్యలు అందరూ ఉంటారు. సంక్రాంతికో, క్రిస్మస్‌కో అందరూ ఒకచోట చేరితే పెద్దవాళ్ళు వంటల్లో ఉంటారు, పిల్లలు మేడ మీద మతచర్చల్లో ఉంటారు. సెలవులు అవగానే నా క్లాసు నిండిపోతుంది ప్రశ్నలతో. “టీచర్, మన పది ఆజ్ఞల్లో విగ్రహాల ఆజ్ఞ తీసేశారంట కదా?” ఇది ప్రతి ఏడాదీ వస్తుంది. అప్పుడు బైబిల్ తెరిపిస్తాను. నిర్గమకాండము 20, ద్వితీయోపదేశకాండము 5. అక్కడ వాక్యాల సంఖ్యలే ఉన్నాయి గానీ, ఇది ఒకటో ఆజ్ఞ, ఇది రెండో ఆజ్ఞ అని రాసి లేదు. మనం పాతకాలపు వేదపండితుడు అగుస్తీను గారి లెక్క పట్టుకున్నాం. విగ్రహాల మాట మొదటి ఆజ్ఞలో కలుస్తుంది, చివర్లో పొరుగువాడి భార్యనీ, ఆస్తినీ ఆశించొద్దన్నవి రెండుగా విడిపోతాయి. గుంటూరు వైపు లూథరన్ బంధువులుంటే వాళ్ళ లెక్క కూడా మనదే. ఈ ఒక్క ముక్క చెప్పగానే పిల్లల మొహాలు చూడాలి, వచ్చే పండక్కి ఆయుధం దొరికినట్టు. పోట్లాటకి కాదర్రా అని చెప్తాననుకోండి.

ఇంకోటి, స్కూల్లో పరలోక జపం చివర “రాజ్యము, బలము, మహిమ” అని వస్తుంది, మన జపంలో లేదేమని. పూజలో పరలోక జపం తర్వాత గురువు ఒక ప్రార్థన చెప్పాక మనం అలాంటి మాటలే అంటాం, గమనించండి రా అని ఆ ఆదివారం పూజలో చెవులు రిక్కించి వినమంటాను. బైబిల్లో మనకి 73 పుస్తకాలు, ప్రొటెస్టంట్లకి 66, ఆ ఏడూ పాత నిబంధనలోవే. ఈ సంగతి పెద్ద పిల్లలకి చెప్తాను, మూడో తరగతికి అక్కర్లేదు.

మరియమ్మ గురించి చెప్పడానికి మనకి రాస్ హిల్ ఉండనే ఉంది. డిసెంబరు 8న కొండగుడికి వెళ్ళని విశాఖ కేథలిక్కు ఎవరు? హార్బరు పక్కన ఒక కొండ మీద గుడి, ఒక కొండ మీద వెంకన్న, ఒక కొండ మీద దర్గా. మీ ఆవిడ కూడా ఎప్పుడో ఎక్కే ఉంటారు. కానీ ఆ పండుగ దేనికని అడిగితే పెద్దవాళ్ళలో కూడా చాలామంది “యేసుప్రభువు పరిశుద్ధాత్మ వల్ల మరియమ్మ గర్భంలో పడిన రోజు” అంటారు. కాదు. మరియమ్మ తన తల్లి కడుపున పడినప్పుడే ఆదాము నుంచి అందరికీ వచ్చే జన్మపాపం అంటకుండా ఉందని నమ్మే పండుగ అది, 1854లో తొమ్మిదో పయస్ పోపుగారు అధికారికంగా ప్రకటించిన విశ్వాస సత్యం. పిల్లలకి వేళ్ళ మీద లెక్కపెట్టిస్తాను. డిసెంబరు 8 నుంచి తొమ్మిది నెలలు వెయ్యండి, సెప్టెంబరు 8, మరియమ్మ పుట్టినరోజు. యేసుప్రభువు మరియమ్మ గర్భంలో పడిన పండుగ మార్చి 25, అక్కణ్ణుంచి తొమ్మిది నెలలు, క్రిస్మస్. ఈ లెక్క ఒకసారి వేసిన పిల్ల మళ్ళీ ఆ రెండు పండుగల్ని కలిపేయదు. వాళ్ళ నాన్న కలిపేస్తే సరిచేస్తుంది కూడా.

సత్ప్రసాదం కంటే పిల్లలు భయపడేది పాపసంకీర్తనానికి. “ఫాదర్ మా మమ్మీకి చెప్పేస్తారా?” అన్నదే మొదటి ప్రశ్న. చెప్పరు. ఎవరికీ, ఎప్పటికీ, పోలీసులకి కూడా చెప్పకూడదు, చెబితే ఆయనే శ్రీసభ నుంచి వెలి అయిపోతారు అని గట్టిగా చెప్పాలి. ఇంట్లో మీరు మాత్రం “ఏం చెప్పావు ఫాదర్‌కి?” అని అడగకండి. నవ్వుతూ కూడా అడగకండి. ఏమీ తోచక పక్క పిల్ల పాపాలు కూడా కలుపుకుని చెప్పేవాళ్ళుంటారు, ముందు రోజు తమ్ముణ్ణి ఏం చేశావో గుర్తు తెచ్చుకో అంటే చాలు, దారిలో పడతారు. మనస్తాప జపం (పాపాలకి పశ్చాత్తాపం చెప్పే జపం) మాత్రం బాగా నోటికి రావాలి, అక్కడికెళ్ళాక బెదురులో అదే మర్చిపోతారు.

ఉపవాసం గురించి కూడా అడుగుతుంటారు. సత్ప్రసాదం తీసుకునే గంట ముందు నుంచి ఏమీ తినకూడదు. మంచినీళ్ళు, మందులు పర్వాలేదు. మా నాయనమ్మ కాలంలో అర్ధరాత్రి నుంచి నీటిచుక్క కూడా ఉండేది కాదు. 1953లో నీళ్ళకి ఒప్పుకున్నారు, 1957లో మూడు గంటలకి తగ్గించారు, 1964లో గంటకి తెచ్చారు. పొద్దున్నే ఇడ్లీ పెట్టి పంపండి, ఖాళీ కడుపుతో మే నెల ఎండల్లో పిల్లలు కళ్ళు తిరిగి పడిపోవడం నేను చూశాను.

మీ ఆవిడ సంగతి. గుడిలో అనుమతి తీసుకుని పెళ్ళి చేసుకున్నట్టయితే, పిల్లల్ని కేథలిక్కులుగా పెంచడానికి నా చేతనైనంత చేస్తానని మాట ఇచ్చింది మీరు. ఆవిడకి ఆ సంగతి తెలియజేస్తారు, అంతే. “ఇంట్లో నేర్పేవాళ్ళు లేరు” అని మీరు రాసిన చోట నేను ఆగిపోయాను. మీరున్నారుగా? రాత్రి అన్నం తిన్నాక పరలోక జపం, మంగళవార్త జపం (మరియమ్మ జపం) పాపతో కలిసి చెప్పండి. జపమాల మొత్తం వద్దు, ఒక పది గింజలు. నా క్లాసులో ఒక్క ఆదివారం కూడా మానకుండా వచ్చే పిల్లల్లో కొందరి తల్లులు హిందువులే. పుస్తకం సర్దడం, జడ వేయడం, టైముకి లేపడం ఆవిడే చేస్తుంది. ఆవిడని ఇందులోంచి తప్పించకండి, బలవంతంగా కూర్చోబెట్టనూ వద్దు. ఏం చెప్పారో ఇంటికొచ్చాక పాప చేత వాళ్ళమ్మకి చెప్పించండి, పాఠం అప్పగించినట్టూ ఉంటుంది.

ఇంకా ఖర్చు గురించి ఎవరూ అడగరు గానీ నేనే చెప్తాను. తెల్ల గౌను, తలమీద ముసుగు, కొవ్వొత్తి, ఇంతే కావాలి. వీధి చివర పాప ఫోటోతో ఫ్లెక్సీ, ఫంక్షన్ హాలు, మూడంతస్తుల కేకు చూస్తున్నాం ఈమధ్య. పక్కన కూర్చునే పిల్ల తండ్రి ఆటో తోలుతుంటాడు, ఆ ఇంట్లో అప్పు చేస్తారు. కొన్ని విచారణల్లో అందరికీ ఒకేరకం గౌను కుట్టిస్తున్నారు, మీ గుడిలో లేకపోతే మీరే ఆ మాట ఎత్తండి. ఆ ఆదివారం తర్వాత పిల్లలు క్లాసుకి రావడం మానేస్తారు, నన్నడిగితే అసలు దిగులు అదీ. భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్) వరకు మధ్యలో కొన్నేళ్ళు ఖాళీ. బుద్ధిగా ఆలోచించే వయసంతా ఆ ఖాళీలోనే పోతుంది, అప్పటికి అబాకస్ పోయి ఐఐటీ ఫౌండేషన్ వస్తుంది కదా.

ఒక పని మాత్రం ఈ వారమే మొదలుపెట్టండి. పాపకి జ్ఞానస్నానం (బాప్తిస్మం) మీ ఊళ్ళో జరిగి ఉంటే, అక్కడి విచారణ రిజిస్టరు నుంచి సర్టిఫికెట్ తెప్పించుకోవాలి. ఇక్కడి ఫాదర్ గారు ముందు అడిగేది అదే. ఆ ఊరు వెళ్ళే బంధువులు ఎవరైనా ఉంటే పాప పేరు, పుట్టిన తేదీ, మీ ఇద్దరి పేర్లు, జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు, జ్ఞానస్నానం అయిన నెల కాగితం మీద రాసి ఇవ్వండి. తేదీ సరిగ్గా గుర్తులేకపోతే ఆ రోజు ఫోటోల వెనక చూడండి, స్టూడియోవాళ్ళు వేసే ఉంటారు.