అర్జీ ఇచ్చాం, తర్వాత?

పోయిన నెల ఈ శీర్షికలో వీధి కుక్కల గురించి ఒక జవాబు రాశాను. దానికి వచ్చిన ఉత్తరాల్లో సగం కుక్కల గురించి కాదు, కార్పొరేటర్ల గురించి, సర్పంచుల గురించి! అందుకే ఈసారి మొత్తం అవే. చాలా ఏళ్ళు మున్సిపల్ ఆఫీసులో ఇన్‌వార్డు సీట్లో కూర్చుని అర్జీల మీద ముద్ర కొట్టినదాన్ని, కొన్ని మాటలు కాస్త కటువుగా వస్తే ఏమీ అనుకోకండి.

ప్రశ్న: మాది ఉప్పల్ వైపు ఒక కాలనీ. మా రెండో వీధి మలుపులో మ్యాన్‌హోల్ వాన పడితే చాలు పొంగుతుంది. నలభై మందిమి వెళ్ళి కార్పొరేటర్ గారికి చెప్పాం, 'చేయిద్దాం' అన్నారు. ఎమ్మెల్యే గారి ఆఫీసులో కాగితం ఇచ్చాం, జోనల్ ఆఫీసుకు పంపామన్నారు. అక్కడికెళ్తే 'ఇది మాది కాదు' అన్నారు. ఎనిమిది నెలలైంది. వాట్సాప్ గ్రూపులో రోజూ ఫొటోలు పెడుతూనే ఉన్నాం. ఇంకెవర్ని కలవాలి?
– కాలనీ సంఘం కార్యదర్శి, హైదరాబాద్

జవాబు: 'మాది కాదు' అన్నాయన అబద్ధం చెప్పలేదండీ, చిక్కంతా అక్కడే ఉంది. హైదరాబాద్‌లో మురుగు లైన్లు, మ్యాన్‌హోళ్ళు జలమండలివి, అంటే నీళ్ళ బోర్డువి. వాననీటి కాలువలు, నాలాలు జీహెచ్‌ఎంసీవి, అంటే నగర కార్పొరేషన్‌వి. మీ గుమ్మం ముందు పారే నీళ్ళకి ఆ తేడా తెలియదు కదా. వాన పడితేనే పొంగుతుందని రాశారు కాబట్టి నాకు రెండు అనుమానాలున్నాయి. ఎవరో డాబా మీది వాననీటి పైపు తెచ్చి మురుగు లైన్లో కలిపి ఉండాలి, లేదా వాననీరు పోయే దారి ఎక్కడో పూడిపోయి అదంతా మ్యాన్‌హోల్లోకే దిగుతూ ఉండాలి. మొదటిదైతే జలమండలి వాళ్ళు చూడాలి, రెండోదైతే జీహెచ్‌ఎంసీ వాళ్ళు చూడాలి. రెండూ అయితే ఇద్దర్నీ ఒకే రోజు ఒకే గుంట దగ్గర నిలబెట్టాలి, లేకపోతే మీరు ఇలా తిరుగుతూనే ఉంటారు. ఆ నిలబెట్టే పని కార్పొరేటర్ గారిది.

నలభై మంది వెళ్ళారు సరే, చేతిలో ఏం పట్టుకెళ్ళారు? 'మా సమస్య చూడండి సార్' అని అడిగితే ఎవరైనా చెప్పేది 'చేయిద్దాం' అనే. అదే 'వచ్చే గురువారం పదింటికి జలమండలి మేనేజరునీ జీహెచ్‌ఎంసీ అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ)నీ మా మలుపు దగ్గరికి పిలిపించండి, మేమంతా ఉంటాం' అని అడిగి చూడండి. దానికి అవుననో కాదనో చెప్పాలి, చేయిద్దాం అంటే కుదరదు.

ఆ గురువారం లోపు ఒక పని చెయ్యండి. పొంగిన ప్రతిసారీ 155313కి, అంటే జలమండలి కస్టమర్ కేర్‌కి, ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. గ్రూపులో ఫొటో పెడితే పదిమంది కోపం బొమ్మలు పెడతారు, ఎవరో ఒకాయన గుడ్ మార్నింగ్ పెడతాడు, అది పైకి వెళ్ళిపోతుంది. పన్నెండు సార్లు పొంగితే పన్నెండు నంబర్లూ తేదీలతో సహా ఒక కాగితం మీద వరసగా రాసి, మ్యాన్‌హోల్ ఏ ఇంటి నంబరు ఎదురుగా ఉందో కూడా రాసి, కార్పొరేటర్ చేతిలో పెట్టండి. రేపు ఆయన ఆఫీసర్లతో మాట్లాడాలన్నా, కౌన్సిల్లో ప్రశ్న వెయ్యాలన్నా ఆ కాగితమే ఆధారం.

మీరు పంపిన అర్జీ కాపీ చూశాను. అందులో మ్యాన్‌హోల్ ఉంది, వీధి దీపాలున్నాయి, పార్కులో జిమ్ము ఉంది, చివర్లో ఒకావిడ పింఛను కూడా ఉంది! నా బల్ల మీదికి ఇలాంటివి రోజూ వచ్చేవి. ఏ సెక్షనుకు పంపాలో తెలిసేది కాదు. ఇంజనీరింగ్‌కి పంపితే వాళ్ళు పెన్సిల్‌తో 'శానిటేషన్' అని రాసి వెనక్కి తోసేవాళ్ళు, వాళ్ళు 'ఎలక్ట్రికల్' అని రాసేవాళ్ళు, మూడు వారాలకి మూలలు మెత్తబడి, నాలుగు పొట్టి సంతకాలతో, ఒక టీ మరకతో ఆ కాగితం మళ్ళీ నా దగ్గరికే వచ్చేది. ఎవరూ దాన్ని చింపలేదు, ఎవరూ లంచం అడగలేదు, అయినా అది చచ్చిపోయింది. ఒక అర్జీలో ఒక్క పనే రాయండి. మీ కాపీ మీద ఇన్‌వార్డు నంబరు, తేదీ వేయించుకోకుండా కిటికీ దగ్గర్నుంచి కదలొద్దు.

తర్వాత 'పని ఎప్పుడవుతుంది' అని అడక్కండి, 'త్వరలో' అంటారు. కొత్త లైను కావాలంటే ఏఈ వచ్చి కొలవాలి, ఎస్టిమేట్ వెయ్యాలి, పైవాళ్ళు మంజూరు చెయ్యాలి, టెండరు, ఆపైన వర్క్ ఆర్డరు. 'ఎస్టిమేట్ వేశారా, ఎంతకి, ఏ తేదీన పైకి పంపారు' అని అడగండి. చెప్పకపోతే పది రూపాయలు కట్టి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో రాతపూర్వకంగా చెప్పాలి. మీ టెన్షన్‌లో సగం అటు పోతుంది.

ప్రశ్న: మా వీధికి డ్రెయిన్ కట్టమని కౌన్సిలర్‌ని అడిగితే మున్సిపాలిటీలో నిధులు లేవంటున్నారు. నిజంగానే డబ్బు లేకపోతే ఏం చెయ్యగలం?
– ఒక పాఠకుడు, ప్రకాశం జిల్లా

జవాబు: మధ్యప్రదేశ్‌లో రత్లాం అని ఒక ఊరుంది. అక్కడ 12వ వార్డు జనం కూడా మీలాగే మురుగు కాలువలు లేక, కంపు భరించలేక మున్సిపాలిటీ చుట్టూ తిరిగారు. చివరికి మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్ళి ఆర్డరు తెచ్చుకున్నారు. మున్సిపాలిటీ వాళ్ళు డ్రెయిన్ కట్టడం మానేసి, డబ్బుల్లేవంటూ ఆ కేసుని సుప్రీంకోర్టు దాకా తీసుకెళ్ళారు. లాయర్లకి మాత్రం ఉన్నట్టుంది! 1980లో జస్టిస్ కృష్ణయ్యర్ ఇచ్చిన తీర్పులో, డబ్బు లేదన్న సాకుతో కనీస పారిశుధ్యం బాధ్యత నుంచి మున్సిపాలిటీ తప్పించుకోలేదని తేల్చేశారు. ఆ జనం వాడింది అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) సెక్షన్ 133. 2024 జులై నుంచి దాని బదులు వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో అది 152. మన దగ్గర ఆర్డీఓ గారే సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్, ఈ అర్జీ ఆయనకి పెట్టుకోవచ్చు.

అయితే రేపే పరిగెత్తకండి, ఆ రత్లాం వాళ్ళకి ఏళ్ళు పట్టింది. ముందు 'నిధులు లేవు' అన్న మాటని కాగితం మీద రాసిమ్మని కమిషనర్ని అడగండి. నోటితో చాలా తేలిగ్గా వచ్చే మాట అది, సంతకం పెట్టి రాయమంటే చాలామందికి చెయ్యి ఆడదు, ఈలోగా ఏదో ఒక పద్దు కింద డబ్బు కనపడటం నేను కళ్ళారా చూశాను.

ప్రశ్న: మా ఊళ్ళో గ్రామసభ ఎప్పుడు జరుగుతుందో ఎవరికీ తెలియదు. పంచాయతీ మనిషి రిజిస్టరు ఇంటికి తెచ్చి అమ్మ చేత సంతకం పెట్టించుకుని వెళ్తాడు. తాగునీటి ట్యాంకు కడిగి ఎన్నాళ్ళైందో కూడా తెలియదు. నేను అడిగితే 'చదువుకునే పిల్లవి, నీకెందుకమ్మా' అంటున్నారు.
– డిగ్రీ విద్యార్థిని, నల్గొండ జిల్లా

జవాబు: నీకే కావాలి తల్లీ. పద్దెనిమిది నిండి ఓటర్ల జాబితాలో పేరుంటే నువ్వు గ్రామసభ సభ్యురాలివే, ఎవరూ పిలవక్కర్లేదు. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018లో వచ్చింది, దాని ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలి. పెట్టలేక కాదు, పెడితే అడుగుతారని పెట్టరు. ఆంధ్రాలో 2024 ఆగస్టు 23న 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిపారు, తల్చుకుంటే అవుతుందన్నమాట.

ముందు ఆ సంతకం ఆపించు. రిజిస్టరులో సంతకం ఉందంటే మీ అమ్మ సభకి వచ్చినట్టు, అక్కడ రాసిన తీర్మానాలన్నీ విన్నట్టు లెక్క. ఈసారి ఆయన వస్తే 'కూర్చోండి బాబాయ్, పైన ఏం రాశారో చదివి పెడతాను' అని మంచినీళ్ళిచ్చి మరీ చదువు. పైన ఖాళీ పేజీ ఉంటే ఫోనులో ఒక ఫొటో తీసుకో.

ట్యాంకు సంగతి. కడిగిన తేదీని ట్యాంకు గోడ మీదో స్తంభం మీదో పెయింటుతో రాస్తారు, వెళ్ళి చూడు. తేదీ పాతదైతే ఫొటో తియ్యి. అసలు లేకపోయినా తియ్యి, అది ఇంకా మంచిది. ఆ ఫొటోతో ఒక్కదానివే వెళ్తే మళ్ళీ 'చదువుకునే పిల్లవి' అంటారు. మీ అమ్మ పొదుపు సంఘంలో ఉండే ఉంటుంది, సంఘం మీటింగ్ రోజున ఈ మాట అక్కడ వెయ్యి. నీళ్ళ మాట అనేసరికి ఇరవై మంది ఆడవాళ్ళు లేచి వస్తే సర్పంచ్ గారు కుర్చీ వేయించక తప్పదు. సభలో మాటగా చెప్పి వదిలెయ్యొద్దు, 'ట్యాంకు ఫలానా తేదీలోగా కడగాలి, తేదీ గోడ మీద రాయాలి' అని తీర్మానం రాయించి కాపీ అడుగు. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టు, గ్రామ స్థాయిలో దానికి ఫీజు కూడా లేదు.

పంచాయతీ డబ్బు దేనికి ఖర్చయిందో ఈ-గ్రామస్వరాజ్ వెబ్‌సైట్లో కనిపిస్తుంది. నీలాంటి పిల్లలు ఒక సాయంత్రం కూర్చుని మీ ఊరి పేరు కొట్టి చూడండి. కొన్ని పనులు ఎక్కడ జరిగాయా అని మీరే వెతుక్కుంటారు.

ప్రశ్న: మా డివిజన్ కార్పొరేటర్ ఆవిడ. కానీ అర్జీలు తీసుకునేది, ఆఫీసర్లతో మాట్లాడేది, ఆఖరికి రిబ్బన్ కత్తిరించేది కూడా వాళ్ళాయనే. ఎవరికివ్వాలి అర్జీ?
– ఒక గృహిణి, వరంగల్

జవాబు: ఆయనకి నమస్కారం పెట్టండి, టీ ఇస్తే తాగండి, కాగితం మాత్రం ఆవిడ చేతికివ్వండి. రెండు రాష్ట్రాల్లోనూ స్థానిక సంస్థల్లో సగం సీట్లు ఆడవాళ్ళకి ఇచ్చింది వాళ్ళ భర్తలు తిరగడానికి కాదు. కౌన్సిల్లో లేచి అడిగే హక్కు ఆవిడకే ఉంది, ఆయన లోపలికి వెళ్ళలేడు.

నేను పనిచేసిన ఒక ఊళ్ళో ఒక కౌన్సిలరమ్మ రెండేళ్ళపాటు మీటింగుల్లో నోరు విప్పలేదు, మేమందరం ఆవిడ మాట్లాడదనే అనుకున్నాం. ఒకరోజు వార్డు ఆడవాళ్ళు తిన్నగా ఆవిడ వంటింటి గుమ్మం దగ్గరికే వెళ్ళారు. కుళాయి తెల్లవారుజామున మూడింటికి వదులుతున్నారు, బిందెల దగ్గర నిద్రపోతున్నాం అని చెప్పారు. ఆవిడకీ అదే కుళాయి! తర్వాతి మీటింగులో లేచి, గొంతు వణుకుతూనే, 'మూడింటికి మీ ఇంట్లో ఎవరు లేస్తారండీ' అని ఇంజనీరుని అడిగింది. టైము మారింది. అందుకే మగవాళ్ళని పంపడం మానేసి మీరే నలుగురు వెళ్ళండి, ఆయన ఊళ్ళో లేని రోజు చూసుకుని వెళ్తే ఇంకా మంచిది.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ దగ్గర రోడ్డు వెయ్యమంటే 'మీ అపార్ట్‌మెంట్ల వాళ్ళు ఓటే వెయ్యరు కదా' అని మొహం మీదే అన్నారు. ఇలా అనొచ్చా?
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: అనకూడదు. కానీ మీరు వేశారా? 2020 డిసెంబరు జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లో ఓటు వేసింది 46 శాతం చిల్లరే. ఏ పోలింగ్ బూత్‌లో ఎంతమంది వచ్చారో పార్టీల వాళ్ళ దగ్గర లెక్క ఉంటుంది, మీ టవర్ లెక్కతో సహా. అయినా ఓటు వెయ్యకపోవడానికీ రోడ్డుకీ సంబంధం లేదు, ఆస్తి పన్ను మీరు కడుతున్నారు. ఆ మాట పట్టుకుని వాదించకుండా, మీ అసోసియేషన్ ఈ ఏడాది కట్టిన మొత్తం పన్ను కూడి, ఆ అంకె అర్జీ మొదటి లైన్లో రాయండి. నాలుగు వందల ఫ్లాట్ల పన్ను ఒకచోట చూస్తే ఎవరైనా ఒకసారి ఆగి చదువుతారు. పనిలో పనిగా లిఫ్టు దగ్గర బోర్డు మీద, ఓటరు జాబితాలో పేరు లేనివాళ్ళు ఎక్కించుకోమని ఒక నోటీసు కూడా పెట్టండి.

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటాను. విజయవాడలో మా అమ్మానాన్నల వీధిలో దీపం వెలగట్లేదు. మంత్రుల్ని ట్యాగ్ చేసి ఎన్ని ట్వీట్లు పెట్టినా స్పందన లేదు.
– ఒక ప్రవాసాంధ్రుడు

జవాబు: వీధి దీపానికి మంత్రి ఎందుకు బాబూ! మీ నాన్నగారి ఇంటికి దగ్గర్లోనే వార్డు సచివాలయం ఉంటుంది, అందులో అమెనిటీస్ సెక్రటరీ అని ఒకరుంటారు, దీపాలూ నీళ్ళూ వాళ్ళే చూస్తారు. స్తంభం మీద నంబరు ఉంటే అది రాసుకెళ్ళి ఇమ్మనండి. పదిరోజుల్లో కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వొచ్చు. ఓపిక లేకపోతే నువ్వే అక్కడి నుంచి 'మీకోసం' అనే ప్రభుత్వ ఫిర్యాదుల వెబ్‌సైట్లో పెట్టు. పని చెయ్యకుండానే 'పరిష్కారమైంది' అని మూసేస్తే మళ్ళీ తెరవమని అడగొచ్చు.

నాన్నగారే వెళ్తే కళ్ళజోడు మర్చిపోవద్దని చెప్పు. రసీదు మీద ఫోన్ నంబరు సరిగ్గా పడిందో లేదో అక్కడే నిలబడి చదువుకోవాలి. ఒక్క అంకె తప్పు పడితే ఆ మెసేజ్‌లన్నీ ఇంకెవరికో పోతాయి.