స్టాంపు పేపరు మీద పార్కింగ్ స్లాటు: 3 లక్షలు పెట్టొచ్చా?

ప్రశ్న: మియాపూర్‌లో రీసేల్ ఫ్లాట్ కొన్నాం. కార్ పార్కింగ్ ఉందని అమ్మినాయన నోటిమాటగా చెప్పారు. తీరా దిగాక చూస్తే ఆ పిల్లర్ మీద వేరే ఫ్లాట్ నంబరు రాసి ఉంది. రెండో అంతస్తులో కారు లేని ఒకాయన తన స్టిల్ట్ (భవనం కింద పిల్లర్ల మధ్య పార్కింగ్) స్లాటు 3 లక్షలకు ఇస్తానంటున్నారు. 100 రూపాయల స్టాంపు పేపరు మీద రాసిస్తారట. ఎఫ్‌డీ తీసి కొనమంటారా?

జవాబు: వద్దండీ. ముందు మీ సేల్ డీడ్ తీసి చివర్లో ఉండే షెడ్యూల్ (ఆస్తి వివరాల భాగం) చదవండి. మన దగ్గర డీడుల్లో ప్లింత్ ఏరియా (ఫ్లాట్ విస్తీర్ణం), అవిభాజ్య వాటా (స్థలంలో మీ భాగం) గజాలు రాశాక, పక్కనే కార్ పార్కింగ్ ఇన్ని చదరపు అడుగులు అని రాస్తారు. ఆ ముక్క మీ డీడులో ఉంటే స్లాటు అడిగే హక్కు మీకుంది. అది పట్టుకుని అసోసియేషన్‌కు రాతపూర్వకంగా అడగండి. పిల్లర్ మీద పెయింటు ఎవరైనా వేసుకోవచ్చు. మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన పూలకుండీలు అడ్డం పెట్టి స్లాటు కాసుకునేవారు, ఇప్పుడక్కడ తులసికోట కూడా వెలిసింది!

డీడులో లేకపోతే? అప్పుడు కూడా ఆ 3 లక్షలు పెట్టమనను. స్టిల్ట్, ఓపెన్ పార్కింగ్‌లను బిల్డర్ విడిగా అమ్ముకోవడానికి వీల్లేదని 2010లో సుప్రీంకోర్టు తేల్చింది. అది మహారాష్ట్ర చట్టం మీద వచ్చిన తీర్పే అయినా, 2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం కూడా ఓపెన్ పార్కింగ్‌ను ఉమ్మడి స్థలాల్లోనే చేర్చింది. పైకప్పు, మూడు వైపులా గోడలు ఉంటేనే రెరా లెక్కలో గ్యారేజీ. మీ స్టిల్ట్‌లో పిల్లర్లు తప్ప గోడలెక్కడివి? అంటే అది గ్యారేజీ కిందికి రాదు. పైగా ఆ రెండో అంతస్తు ఆయన రేపు ఫ్లాట్ అమ్మేస్తే, కొన్న మనిషి 'నా స్లాటేది?' అని మీ మీదికే వస్తాడు. రిజిస్ట్రేషన్ లేని ఆ కాగితంతో మీరేం వాదిస్తారు? మీరు ఫ్లాట్ అమ్మేటప్పుడు కూడా దాన్ని చూసి ఎవరూ ఎక్కువ ఇవ్వరు.

లెక్క చూడండి. 7 శాతం వడ్డీ అనుకుంటే 3 లక్షల మీద ఏడాదికి 21,000, అంటే నెలకు 1,750. ఆయన స్లాటు నెలకు 1,500 అద్దెకిస్తే వడ్డీతోనే సరిపోతుంది, పన్ను పోయినా పెద్ద తేడా రాదు, అసలు మీ దగ్గరే ఉంటుంది. కాబట్టి అద్దెకు అడగండి. 11 నెలల ఒప్పందం చాలు, ఒక కాపీ అసోసియేషన్ సెక్రటరీకి ఇచ్చి మినిట్స్‌లో రాయించండి.

అమ్మినాయన పార్కింగ్ సంగతి అగ్రిమెంటులో రాసి ఉంటే లాయర్ నోటీసు ఇవ్వచ్చు. ఉత్త మాటే అయితే ఆ ఖర్చు దండగ. ఒక్కటి మాత్రం చేయకండి: కోపంలో మెయింటెనెన్స్ ఆపకండి. రేపు జనరల్ బాడీ మీటింగ్‌లో పార్కింగ్ మాట ఎత్తగానే 'ముందు బాకీ కట్టండి' అంటారు.