మిల్లు ఆఫీసులో మాటలు, పోయిన నిద్ర: సమాధానం

చెల్లె, మీ నల్లగొండ మిల్లు ఆఫీసుల "ఆడోళ్లకు లెక్కలేం తెలుస్తయ్" అని మేనేజర్ రోజూ అంటుండు, నిద్ర పడ్తలేదు, నేనే మెత్తదాన్నా అని అడిగినవ్. కాదు. మాట ఒక్కసారే పడ్తది, మనసు దాన్ని రాత్రంతా తిప్పుతది. మళ్లెప్పుడంటడో అని ఒళ్లు కాపలా కాస్తనే ఉంటది. "నీకెందుకమ్మా ఈ కష్టం" అనే తియ్యటి మాట ఇంకా మోసం: కోపం రాదు, అనుమానం మన మీదికే మళ్లుతది, లెక్కలు నిజంగనే తప్పుతయ్.

అన్నది అన్నట్టే, తేదీ, టైం, పక్కనెవరున్నరో అదే రోజు రాసిపెట్టు. లైంగికమైన మాటలైతే, పనిచేసే చోట ఆడోళ్ల మీద లైంగిక వేధింపులను ఆపే 2013 చట్టం కింద 3 నెలల్లోపు ఫిర్యాదియ్యాలె. పనోళ్లు 10 మందికన్నా తక్కువుంటే నల్లగొండ జిల్లా లోకల్ కమిటీకి. ఉత్త చులకన మాటలకు ఆ చట్టం మామూలుగ అందదు, ఓనర్‌కు రాసియ్యి.

నిద్రలేమి రెండు వారాలు దాటితే 14416కు ఫోన్ చెయ్యి, అది టెలి మానస్, మనసు బాధలకు సర్కారు పెట్టిన హెల్ప్‌లైన్. ఫ్రీ, తెలుగులనే మాట్లాడ్తరు. చచ్చిపోవాలనిపిస్తే మాత్రం ఆగొద్దు, ఇప్పుడే చెయ్యి.