రస్ట్ నేర్చుకోవడానికి రెండు వేలు చాలా?

ప్రశ్న: బీఎస్సీ కంప్యూటర్స్ అయింది. పైథాన్ వచ్చు, ఇప్పుడు రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష మొదలుపెడదామనుకుంటున్నాను. ద్వారకానగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ 12 వేలు అడిగింది. నా దగ్గరున్నవి 2 వేలే. ల్యాప్‌టాప్ పాతది (విండోస్, 4 జీబీ ర్యామ్), నెట్ అంటే ఫోన్ డేటాయే. పుస్తకం కొనాలా, వీడియో కోర్సా?
– ఒక పాఠకుడు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: రెండూ వద్దు. రస్ట్ అధికారిక పాఠ్యపుస్తకం ఉచితం. రస్టప్‌తో (రస్ట్ ఇన్‌స్టాలర్) ఇన్‌స్టాల్ చేస్తే ఆ పుస్తకం మీ డిస్కులోకే వస్తుంది. కమాండ్ విండోలో ‘రస్టప్ డాక్’ అని కొడితే నెట్ లేకుండానే తెరుచుకుంటుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ప్రొఫైల్ (ఏమేం దించాలో చెప్పే ఎంపిక) మాత్రం ‘మినిమల్’ పెట్టకండి, అందులో డాక్యుమెంట్లు రావు.

విండోస్‌లో విజువల్ స్టూడియో బిల్డ్ టూల్స్ (ప్రోగ్రామ్ తయారీకి మైక్రోసాఫ్ట్ ఇచ్చే పనిముట్లు) కూడా వేయమంటుంది. అవి కొన్ని జీబీలు, ఫోన్ డేటా అక్కడే హరీమంటుంది. వద్దని చెప్పి, కస్టమైజ్‌లోకి వెళ్లి, హోస్ట్ ట్రిపుల్ (మీ కంప్యూటర్ రకం చెప్పే పేరు) చివర ‘ఎంఎస్‌వీసీ’ బదులు ‘జీఎన్‌యూ’ అని రాయండి. పాఠాల్లోని చిన్న ప్రోగ్రాములకు అది సరిపోతుంది.

పైథాన్ నుంచి వచ్చినవాళ్లు తడబడేది ఆ పుస్తకం నాలుగో అధ్యాయంలో, ఓనర్‌షిప్ (ఏ విలువ మీద హక్కు ఏ పేరుదో చెప్పే నియమం) దగ్గర. పైథాన్‌లో ‘బి = ఏ’ అంటే ఒకే లిస్టుకు రెండు పేర్లు. రస్ట్‌లో స్ట్రింగ్‌ను అలా ఇస్తే హక్కు ‘బి’కి పోతుంది. ఆ తర్వాత ‘ఏ’ని ముట్టుకుంటే ఈ0382 ఎర్రర్. ‘రస్ట్‌సీ --ఎక్స్‌ప్లెయిన్ ఈ0382’ అని కంపైలర్‌ను అడిగితే కారణం ఉదాహరణతో చెబుతుంది, దీనికీ నెట్ అక్కర్లేదు. కనపడిన చోటల్లా ‘.క్లోన్()’ (నకలు తీయడం) తగిలించి ఎర్రర్ పోగొట్టుకుంటే అధ్యాయం పూర్తవుతుంది గానీ ఓనర్‌షిప్ ఒంటబట్టదు. హక్కు వదలకుండా విలువను అప్పు (బారోయింగ్) ఇచ్చి సరిచేయగలరేమో ముందు చూడండి.

కోచింగ్‌లో నిజంగా పనికొచ్చేది మన కోడ్ చూసి తప్పు చెప్పే మనిషి. ఎక్సర్‌సిజం సైట్‌లో రస్ట్ అభ్యాసాలు బ్రౌజర్‌లోనే చేయొచ్చు, స్వచ్ఛంద మెంటార్లు కోడ్ చూస్తారు, డబ్బులేమీ తీసుకోరు. జవాబుకు కాస్త ఆగాల్సి రావచ్చు. అయినా కోచింగ్‌కి రోజూ ఎన్‌ఏడీ జంక్షన్ ట్రాఫిక్‌లో నిలబడటం కన్నా నయమే.

వీడియోలు చూస్తే ‘ట్రై!’ మాక్రో వాడేవి వదిలేయండి. రస్ట్ 2018 ఎడిషన్ నుంచి ‘ట్రై’ రిజర్వ్డ్ పదం (భాష తనకే ఉంచుకున్న మాట), ఆ కోడ్ ఇప్పుడు అలాగే ఎక్కిస్తే కంపైల్ కాదు.

ఆ 2 వేలు ర్యామ్‌కు ఉంచండి. రస్ట్ అనలైజర్ (రాస్తుండగానే ఎడిటర్‌లో తప్పులు చూపే సాధనం), బ్రౌజర్ రెండూ తెరిస్తే 4 జీబీ ఉక్కిరిబిక్కిరవుతుంది. టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీలో ‘స్లాట్స్ యూజ్డ్’ చూడండి. ‘2లో 1’ అని ఉంటే ఇంకో చిప్ పడుతుంది. డీడీఆర్3నా, డీడీఆర్4నా అన్నది కొనేముందే తేల్చుకోండి, ఒకదాని చోట ఇంకోటి పట్టదు. అప్పటిదాకా అనలైజర్ ఆపేసి, మామూలు ఎడిటర్‌లో రాసి, ‘కార్గో చెక్’ అనే కమాండ్‌తో సరిచూసుకోండి. అది పూర్తి బిల్డ్ కన్నా త్వరగా తేలుతుంది.