ఆడవేషం, నేపథ్యం

సందేహం: అమెరికాలో 2009లో మొదలైన 'రూపాల్స్ డ్రాగ్ రేస్' పోటీని మిత్రులం కలిసి చూస్తున్నాం. ఈ నేపథ్యంలో మా మధ్య ఒక వాదన. డ్రాగ్ క్వీన్‌ని, అంటే స్త్రీలా అలంకరించుకుని ప్రదర్శన ఇచ్చేవారిని, ఒకడు 'ఆడంగి' అంటాడు, ఇంకొకడు 'హిజ్రా' అంటాడు. ఏది సరి? 'ఓడిపోయాడు' అనాలా, 'ఓడిపోయింది' అనాలా?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: రెండూ కాదు. మొదటిది తిట్టు. రెండోది ఒక సమాజం పేరు. అది వాళ్ల బతుకు, వేషం కాదు. ఆ పోటీలో ట్రాన్స్ మహిళలూ పాల్గొన్నారు, కానీ అక్కడ మార్కులు వేషానికే. బాపట్ల స్థానం నరసింహారావు గారు ఆడవేషాలు కట్టి 1956లో పద్మశ్రీ అందుకున్న సీమలో ఉండి, 'ఆడవేషం' అన్న మాట తట్టకపోవడమేమిటండీ! వేషం 'కట్టారు' అనండి. 'వేషాలు వేస్తున్నాడు' అంటే టక్కరితనం అంటుకుంటుంది. 'డ్రాగ్ క్వీన్' అని ఉన్నదున్నట్టు రాసినా సరే.

అసలు పట్టుకోవలసింది మీ 'నేపథ్యంలో'ని. పత్రికల పుణ్యమా అని ఎన్నికల నేపథ్యం, వర్షాల నేపథ్యం, ధరల నేపథ్యం! అమరకోశం ఏమంటోంది? 'ఆకల్పవేషౌ నేపథ్యం ప్రతికర్మ ప్రసాధనమ్'. అంటే నేపథ్యమంటే వేషమే, అలంకరణే. ఆ వేషం కట్టుకునే చోటు కూడా నేపథ్యమే. సంస్కృత నాటకాల్లో 'నేపథ్యే' అని ఉంటే మాట తెర వెనకనుంచి వినబడుతోందని అర్థం. భామాకలాపంలో ఇద్దరు పట్టిన తెర మీదుగా ముందు జడ బయటపడుతుంది, సత్యభామ తర్వాత. ఆ తెర వెనకదే నేపథ్యం. నేపథ్యగాయని అన్నప్పుడూ ఈ అర్థం చెడలేదు. మరి వర్షాలు ఏ వేషం కట్టాయి, ఏ తెర వెనక పాడాయి? 'వర్షాల వల్ల' అంటే సరిపోయేదానికి ఇంత ఆర్భాటమా! మీ ఉత్తరంలోనూ ఆ మాట తీసేసి 'దీని మీద మా మధ్య వాదన' అని చదువుకోండి, లోటేమీ కనబడదు. డ్రాగ్ రేస్ గురించి రాస్తూ నేపథ్యాన్ని అసలు అర్థంలో వాడే అవకాశం చేతికొస్తే జారవిడిచారు.

ఇక క్రియ సంగతి. ఇంగ్లీషులో సర్వనామం దాటితే గండం గడిచినట్టే; మనకు క్రియ చివర కూడా లింగం కాచుకుని ఉంటుంది. రంగస్థలం వాళ్ల వాడుక చూడండి. పాత్రకైతే 'సత్యభామ అలిగింది', నటుడికైతే 'స్థానం వారు పాడారు'. వ్యాకరణంలో ఏకవచనంలో స్త్రీ అమహత్తుతో (జంతువులు, వస్తువుల వరసలో) చేరినా బహువచనంలో మహత్తుతోనే (పురుషుల వరసలోనే) కనుక, 'ఓడిపోయారు' అన్నది ఎవరికైనా చెల్లుతుంది. మిత్రుల మధ్య అంత మర్యాద బరువనుకుంటే, వేషంలో ఉన్నంతసేపు రంగస్థలం పేరు చెప్పి 'ఓడిపోయింది' అనండి. వేషం విప్పాక? ఆ పోటీ నడిపే రూపాల్ అయితే తనను ఏ సర్వనామంతో పిలిచినా సరేనని 1995 నాటి ఆత్మకథలోనే చెప్పేశారు. మిగతా వారి విషయంలో, వారు ఎలా అనమంటే అలా అనడమే మంచిదని నాకు తోస్తుంది. చిన్నయసూరి దీనికి సూత్రం రాయలేదు.