57 గ్రాముల వెన్న: వంటల మీద రాయడం మొదలుపెట్టిన అమ్మాయికి

కాకినాడ,
గురువారం సాయంత్రం

అమ్మాయ్,

యుద్ధకాలపు రేషన్ కేకుల మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి కాఫీ తాగుతూ, రెండోసారి ఎర్ర పెన్ను పట్టుకుని. కంగారుపడకు, బాగా లేని రాతల మీద నేను ఎర్ర సిరా ఖర్చు చెయ్యను. ఇంకో మాట. ఉత్తరం నిండా ‘మేడం, మేడం’ అని రాశావు. ఇంగ్లండులో, లెస్టర్‌లో ఉన్న ఇరవయ్యారేళ్లూ ఆ పిలుపు ఆఫీసులో విన్నాను, చాలు. పిన్నీ అను.

నీ మొదటి వాక్యం ఇదీ: “రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బ్రిటన్ గృహిణులు ఉన్నదాంతోనే అద్భుతాలు చేశారు.” ఈ వాక్యం రాయడానికి నువ్వు పిండి కలపక్కర్లేదు, ఓవెన్ వెలిగించక్కర్లేదు. నాటింగ్‌హామ్‌లో నలుగురితో పంచుకునే వంటింట్లో మూడు వారాలు తంటాలు పడ్డావే, ఆ కష్టమంతా ఈ ఒక్క వాక్యం వెనక దాక్కుంది. కొట్టేశాను.

నేనూ ఇదే తప్పు చేశాను కాబట్టి చెప్తున్నాను. లెస్టర్ వెళ్లిన కొత్తలో ఒక తెలుగు పత్రికకు గుడ్లు లేని యుద్ధకాలపు స్పాంజ్ కేకు గురించి రాశాను. చేసి మరీ రాశాను, అదొక్కటే నయం. పక్కింట్లో ఒక పెద్దావిడ ఉండేది, యుద్ధం నాటికి బడికెళ్లే పిల్ల. ఆవిడకొక ముక్క ఇచ్చాను. నమిలి, “చాలా బాగుంది, ఎంత వెన్న వేశావ్?” అంది. 115 గ్రాములన్నాను. ఆవిడ నవ్వి, “అయితే ఒక మనిషి రెండు వారాలు వెన్న ముట్టలేదన్నమాట. మీ ఇంట్లో ఎవరా మనిషి?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. పత్రిక అప్పటికే అచ్చయిపోయింది.

ఆవిడ ప్రశ్న నీకు అప్పజెప్పడానికే ఈ ఉత్తరం. రేషన్ కాలపు కేకు గురించి రాయడమంటే ఆ కేకు కోసం ఇంట్లో ఎవరు ఏం మానుకున్నారో రాయడం. మిగతాదంతా వంట పుస్తకాల్లో దొరుకుతుంది.

అందుకని ముందు లెక్క కట్టు. 1940 జనవరి 8న వెన్న, చక్కెర, బేకన్‌లతో రేషన్ మొదలైంది. కోటా పెరుగుతూ తరుగుతూ ఉండేది కానీ, యుద్ధం నడిమి రోజుల్లో మామూలుగా పెద్దవాళ్లకి మనిషికి వారానికి వచ్చేది ఇదీ: వెన్న రెండు ఔన్సులు, అంటే 57 గ్రాములు. వెన్నకి బదులు వాడే మార్జరిన్ అనే కొవ్వు నాలుగు ఔన్సులు, 113 గ్రాములు. చక్కెర ఎనిమిది ఔన్సులు, 227 గ్రాములు. టీ పొడి 57 గ్రాములు. గుడ్డు ఒకటి, అదీ దుకాణంలో ఉంటే. హోటల్లో ఇడ్లీ పక్కన పెట్టే 10 గ్రాముల వెన్న బిళ్లలున్నాయే, అవి ఆరు కూడా కావు ఏడు రోజులకి. వ్యాసంలో ఔన్సులు రాసి ఊరుకున్నావు. తెలుగు పాఠకుడికి ఔన్సంటే దగ్గుమందు. గ్రాముల్లో చెప్పు, ఆ తర్వాత కంటికి కనిపించే వస్తువుతో పోల్చి చెప్పు.

ఇప్పుడు నువ్వు చేసిన కేకు పక్కన ఆ లెక్క పెట్టి చూడు. నేను చాలాసార్లు చేసి కుదుర్చుకున్న కొలతలు: సెల్ఫ్ రైజింగ్ పిండి (బేకింగ్ పౌడర్ ముందే కలిపి అమ్మే మైదా) 170 గ్రాములు, బేకింగ్ పౌడర్ ఒక టీ చెంచా, మార్జరిన్ 70 గ్రాములు, చక్కెర 55 గ్రాములు, గోల్డెన్ సిరప్ (తేనెలా ఉండే చక్కెర పాకం) ఒక పెద్ద చెంచా, పాలూ నీళ్లూ కలిపి 140 మిల్లీలీటర్లు. మార్జరిన్, చక్కెర, సిరప్ నురగలా అయ్యేదాకా గిలక్కొట్టి, పిండీ పాలూ కొంచెం కొంచెంగా మార్చి మార్చి కలపాలి. ఏడంగుళాల రేకులు రెండింటిలో పోసి, 190 డిగ్రీల దగ్గర ఇరవై నిమిషాలు. చల్లారాక మధ్యలో జామ్ రాసి ఒకదాని మీద ఒకటి పెడితే అయిపోయింది. వేడి మీద బాగుంటుంది, మర్నాటికి ఎండు రొట్టె. ఈ సంగతి దాచకు. ‘మెత్తగా, నోట్లో కరిగిపోయేలా’ అని రాశావు, అది నేను నమ్మలేదు. ఇంత కొవ్వుతో, గుడ్డు లేకుండా, కరగదమ్మా.

70 గ్రాముల మార్జరిన్ అంటే ఒక మనిషి వారం కోటాలో సగం దాటిపోయింది. 55 గ్రాముల చక్కెర అంటే పావు వంతు. ఆ వారం టీలో చక్కెర మానేసింది ఎవరు? తండ్రా, తల్లా? కిస్మిస్ వేయాలంటే మళ్లీ వేరే లెక్క. 1941 డిసెంబరు నుంచి డబ్బా సరుకులకు పాయింట్ల పద్ధతి వచ్చింది, మనిషికి ఇన్నని పాయింట్లిస్తారు, దేనికి ఖర్చు పెట్టుకోవాలో వాళ్లిష్టం. కొద్ది రోజులకే ఎండుపళ్లు కూడా అందులోకి చేరాయి. ఉన్న కాసిని పాయింట్లతో సాల్మన్ చేప డబ్బా కొనాలా, క్రిస్మస్ కేకులోకి కిస్మిస్ కొనాలా? ఇంటావిడ దుకాణం ముందు వరసలో నిలబడి ఆలోచించేది ఇదే. నీ వ్యాసం కూడా ఆ వరసలోంచే మొదలవ్వాలని నాకనిపిస్తోంది. ఓవెన్ దగ్గర మొదలుపెడితే ఆలస్యమైపోయినట్టే.

పిండి విషయంలో నువ్వూ నాలాగే జారావు. సూపర్‌మార్కెట్ తెల్ల పిండి వాడావు కదూ? 1942 ఏప్రిల్ నుంచి తెల్ల బ్రెడ్ అమ్మడానికి వీల్లేకపోయింది. గోధుమలు చాలామటుకు అమెరికా ఖండం నుంచి ఓడల్లో రావాలి, ఆ ఓడల్ని జర్మన్ జలాంతర్గాములు ముంచుతున్నాయి. అందుకని గింజలో 85 శాతం పిండిగా మిగిలేలా పట్టించి, దాంతోనే నేషనల్ లోఫ్ అనే బూడిద రంగు బ్రెడ్ చేయించారు. జనం దాన్ని హిట్లర్ రహస్యాయుధమని ఎగతాళి చేశారు. ఇది మన పాఠకులకు చెప్పడం చాలా తేలిక. మైదాకీ చపాతీ పిండికీ మధ్యలో ఉండే పిండి అను, ఇట్టే అర్థమవుతుంది. హోల్‌మీల్ పిండిని, అంటే పొట్టుతో సహా పట్టిన గోధుమపిండిని, సన్న జల్లెడ పట్టి, పైన తేలిన పొట్టు తీసెయ్. లేదా రెండు పిండ్లూ సగం సగం కలిపి, బేకింగ్ పౌడర్ ఇంకో రెండు టీ చెంచాలు వెయ్యి. కేకు అంత ఎత్తు పొంగదు, రంగు కాస్త దిగులుగా ఉంటుంది. అప్పుడు నువ్వు ఆ కాలానికి దగ్గరకొచ్చినట్టు.

ఇక తప్పులు. యుద్ధంలో బ్రెడ్డుకి కూడా రేషన్ పెట్టారని రాశావు. పెట్టలేదు. ఉన్నంతలో కడుపు నింపేవి బ్రెడ్డూ బంగాళాదుంపలే, యుద్ధం జరిగినన్నాళ్లూ వాటి జోలికి పోలేదు. బ్రెడ్డుకి రేషన్ వచ్చింది గెలిచాక, 1946 జులైలో. రెండేళ్లు నడిచింది. 1945తో అంతా అయిపోయిందన్నదీ తప్పే. మిఠాయిల మీద రేషన్ 1949 ఏప్రిల్‌లో ఎత్తేస్తే, జనం ఎగబడి దుకాణాలు ఖాళీ చేసేసరికి నాలుగు నెలలకే మళ్లీ పెట్టారు. చివరికి 1953 ఫిబ్రవరిలో పోయింది, ఆ సెప్టెంబరులో చక్కెర, మరుసటేడు మేలో వెన్న, 1954 జులై 4న మాంసం. పద్నాలుగేళ్లు! యుద్ధానికి ముందు పుట్టిన పిల్ల పెళ్లీడుకొచ్చేదాకా కూపన్లు కత్తిరిస్తూనే ఉన్నారు. ఈ తారీఖులన్నీ వ్యాసంలో కుక్కమని కాదు. నీకు తెలిసుంటే చాలు, ఏ వాక్యంలో ఎంత బరువు పెట్టాలో చెయ్యే చెప్తుంది.

పెళ్లంటే గుర్తొచ్చింది. అట్ట కేకుని ఒక్క ముక్కలో తేల్చేశావు, నాకు ప్రాణం ఉసూరుమంది. నీ వ్యాసం మొత్తంలో బంగారం లాంటి చోటు అదే. 1940 ఆగస్టులో కేకు మీద చక్కెర పూత వేయడం నిషేధించారు. మరి పెళ్లి కేకంటే వాళ్లకి మూడంతస్తుల తెల్లటి గోపురం. ఏం చేశారు? అట్టతోనో ప్లాస్టర్‌తోనో అచ్చం పూతలాగే, పువ్వులూ తీగెలతో సహా, ఒక మూత చేసి అద్దెకిచ్చారు. ఫొటో తీసేదాకా మూత, తీశాక మూత పైకెత్తితే అడుగున చిన్న గోధుమరంగు కేకు. దానికి కూడా చుట్టాలూ ఇరుగుపొరుగూ తలా కాస్త కిస్మిసూ చక్కెరా ఇస్తే తప్ప కుదిరేది కాదు. మన పెళ్లిళ్లలో అరువు నగలు ఎరగనిదెవరు? మర్నాడు పొద్దున్నే ఆ మూత తిరిగి దుకాణానికి వెళ్లిపోవాలి, ఇంకో పెళ్లికూతురు ఎదురుచూస్తూ ఉంటుంది. ఇక్కడ ఆగు. రెండు పేరాలు రాయి, మూడు రాసినా నేనేమీ అనను. ‘పట్టుదలకు నిదర్శనం’ అన్న మాట మాత్రం రానీకు.

దొరకని సరుకులకి బదులుగా చేసుకున్న ఉత్తుత్తి వంటల దగ్గర నీ తెలుగు నాకు నచ్చింది. ‘మాక్ క్రీమ్’ని ‘ఉత్తుత్తి క్రీము’ అన్నావు, శభాష్. అయితే పార్స్‌నిప్‌ని తెల్ల ముల్లంగి చేసేశావు. అది ముల్లంగి కాదు, క్యారెట్‌కి చుట్టం, తియ్యగా ఉంటుంది. అరటిపళ్ల ఓడలు ఆగిపోయాక దాన్ని ఉడకబెట్టి, చిదిపి, చక్కెరా అరటి ఎసెన్సూ కలిపి బ్రెడ్ మీద రాసి పిల్లలకి పెట్టారు. నేను చేసి చూశాను. వాసన అరటిదే, నాలుక మీద మెత్తదనమూ అరటిదే, మింగాక గొంతులో మట్టి దుంప. గోదావరి జిల్లాలో చక్రకేళి తిని పెరిగినదాన్ని, నన్ను మోసం చెయ్యడం కష్టం. అరటిపండు ఎప్పుడూ చూడని పిల్లకి మాత్రం అదే అరటిపండు. నువ్వు రుచి చూస్తున్నప్పుడు ఆ పిల్ల నాలుక కూడా గుర్తుంచుకో. పక్కింటావిడ గుడ్డు పొడితో చేసిన అట్టు అంటే పడిచచ్చేది. నేను జాలిపడబోతే, “జాలెందుకు, మాకు నిజంగా ఇష్టం” అని కోప్పడింది. ఆవిడ ఆఖరిదాకా వెన్న చుట్టిన కాగితం పారేసేది కాదు, ఫ్రిజ్‌లో మడిచి దాచి, కేకు రేకుకి జిడ్డు రాయడానికి వాడేది.

ఇంకొక్క సంగతి. ఇది రాయడానికి రెండు రోజులు తటపటాయించాను.

నువ్వు తెలుగులో రాస్తున్నావు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీదా, నేనిప్పుడు కూర్చున్న ఈ కాకినాడ మీదా బాంబులు వేశాయి. మా అమ్మకప్పుడు పదేళ్లు. యుద్ధమంటే ఆవిడకి ఊరొదిలి పోతున్న ఎడ్లబళ్లు, కిరసనాయిలు దొరకని దీపాలు, గుడ్డ దొరకని పండగ. బర్మా జపాన్ చేతికి పోయి అక్కణ్నుంచి బియ్యం ఆగిపోయింది. మరుసటేడు బెంగాల్ కరువులో దాదాపు 30 లక్షల మంది పోయారని అంచనా. అదే సంవత్సరం, అదే ప్రభుత్వం కింద, లండన్‌లో గర్భిణులకు ఆకుపచ్చ రేషన్ పుస్తకం ఇచ్చి పాలూ గుడ్లూ ముందు వాళ్లకే అందేలా చూశారు. బ్రిటన్‌లో ఆ పద్ధతి పేదపిల్లలకి మేలు చేసిన మాట నిజం. కలకత్తా వీధుల్లో శవాలున్నదీ నిజం. నీ వ్యాసంలో రెండోది లేదు. ‘ఇల్లూ వెచ్చదనమూ కేకూ’ అన్న ధోరణిలో సాగిపోయింది.

అలాగని కేకు పక్కన పెట్టి ఉపన్యాసం ఇవ్వమనడం లేదు. పక్కింటావిడ తల్లి తన చక్కెర మానుకుని కూతురికి కేకు చేసింది, ఆ తల్లి మీద నాకే పేచీ లేదు. కానీ ఆ 227 గ్రాముల చక్కెర పంపకం గురించి అంత ముచ్చటగా రాసే చెయ్యి, బియ్యం పంపకం దగ్గరకొచ్చేసరికి ఆగిపోతే పాఠకుడికి తెలిసిపోతుంది. ఒక పేరా రాస్తావో ఒక వాక్యం రాస్తావో నీ ఇష్టం. ఎక్కడ పెట్టాలో మాత్రం ఆలోచించు. చివర్లో తగిలిస్తే క్షమాపణలా ఉంటుంది. నేనైతే పాయింట్ల లెక్క పక్కనే పెడతాను, లెక్కల మధ్య లెక్కలా.

రెండో రాత ఎప్పుడు పంపుతావు? తొందరేం లేదు. ముందు ఒక వారం ఆ కోటాతో ఉండి చూడు. సోమవారం పొద్దున్న చక్కెర 227 గ్రాములు తూచి ఒక డబ్బాలో పోసుకో. టీకీ, పెరుగులోకీ, కేకుకీ అన్నిటికీ అందులోంచే. కేకు ఫొటోలు నాకొద్దు, ఇప్పటికే పద్నాలుగు పంపావు. శుక్రవారం రాత్రి డబ్బాలో ఎంత మిగిలిందో, ఆ వేళకి నీకు ఎవరి మీద కోపంగా ఉందో రాసి పంపు.

మీ
పిన్ని

తా.క.: గుడ్డు పొడి కొన్నానని రాశావు. సమతలంగా ఒక పెద్ద చెంచా పొడికి రెండు చెంచాల నీళ్లు, అది ఒక గుడ్డు. నీళ్లన్నీ ఒకేసారి పొయ్యకు, బజ్జీల పిండి కలిపినట్టు ముందు కొంచెం పోసి ముద్ద చేసి, తర్వాత జారుగా చెయ్యి. డబ్బాలో తడి చెంచా పెట్టావంటే మొత్తం ఉండ కడుతుంది.